గూఫీ సినిమా ఇరవై రెండేళ్ళకి పూర్తి చేసాను (సీడీ ఆగిపోయిన దగ్గర్నుంచి)

నాగావళి_గట్టు | శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి మా పదేళ్ళ గుంటడితో కూర్చుని 'ఎ గూఫీ మూవీ' అనే డిస్నీ కార్టూన్ సినిమా చూసాను. చూసాను అనడం కన్నా పూర్తి చేసాను అంటే సరిగ్గా ఉంటుంది. మొదలెట్టింది 2003 వేసవి సెలవుల్లో.

అప్పట్లో శ్రీకాకుళంలో మా వీధి చివర ఒక సీడీ షాపు ఉండేది. రోజుకి పది రూపాయలు. కవరు మీద కుక్క బొమ్మ చూసి మిక్కీమౌస్ బాపతు అనుకుని తెచ్చాను. రెండు సీడీలు. అంతా ఇంగ్లీషు, కింద అక్షరాలు కూడా లేవు. తెలుగు మీడియం ఏడో తరగతి వాళ్ళం, మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. కథ మాత్రం బాగా అర్థమైంది. నాన్న గూఫీ ఒక అమాయకుడు, కొడుకు మాక్స్‌కి నాన్నంటే సిగ్గు. నాన్న చేపలు పట్టడానికి పోదాం అని బలవంతంగా కారెక్కిస్తాడు. కొడుకు రాత్రి నాన్న నిద్దరోతుంటే మేప్ మీద దారి చెరిపేసి, తనకి కావాల్సిన ఊరికి గీత గీసుకుంటాడు. ఆ నాన్న పొద్దున్నే ఆ మేపే కొడుకు చేతిలో పెట్టి, ఇక దారి చెప్పేది నువ్వే అంటాడు.

తర్వాత ఒక జంక్షన్ వస్తుంది. కుడికి వెళ్తే ఐడహో, అక్కడే చేపల చెరువు. ఎడమకి వెళ్తే కాలిఫోర్నియా, పాటల కచేరీ. కొడుకు మేప్ మార్చేసాడని నాన్నకి అప్పటికే తెలిసిపోయింది. తెలిసీ, ఎటు తిప్పమంటావురా అని అడుగుతాడు. కొడుకు మొహం మీద చెమట.

సరిగ్గా అక్కడ సీడీ ఆగిపోయింది. కుర్రాడి నోరు తెరుచుకుని ఉండిపోయింది. తీసి బనీనుతో తుడిచాను. పేస్టు రాసి తుడిచాను. కొబ్బరి నూనె కూడా రాసాను. సీడీ పోయింది, షాపాయన దగ్గర ఇరవై రూపాయలు పోయాయి. ఆ కుర్రాడు ఎటు తిప్పమన్నాడో నిన్నటి వరకూ నాకు తెలీదు.

ఇంకెవరైనా చూసారా? చూస్తే అప్పుడు ఎవరి పక్షం, ఇప్పుడు ఎవరి పక్షం?

సిక్కోలు_సిన్నోడు | శనివారం, రాత్రి 10:58

ఎడమకే తిప్పమన్నాడు గురువా. నాకు ఫోన్ చేస్తే ఎప్పుడో సెప్పీసేవోడ్ని కదేటి, ఇరవై రెండేళ్ళు ఏల ఆగేవు 😂

అరసవిల్లి_అమ్మ | శనివారం, రాత్రి 11:10

మా పాప ఎనిమిదో తరగతి. పోయిన నెలలో ఓటీటీలో కలిసి చూసాం. నాకు మొదటిసారి. పాప సగంలో ఒక్కటే ప్రశ్న అడిగింది: "అమ్మా, వాళ్ళమ్మ ఏది?"

నిజమే, సినిమా మొత్తం వెతికినా తల్లి ప్రస్తావన లేదు. ఫొటో కూడా లేదు. ఎవరూ ఆవిడ పేరెత్తరు. అది తెలిసాక గూఫీ చేసే ప్రతి పనీ ఇంకోలా కనిపించింది నాకు. స్కూలు నుంచి ప్రిన్సిపాల్ ఫోన్ చేసి మీవాడు చేయి దాటిపోతున్నాడు, ఇలాగే పోతే జైలు, కరెంటు కుర్చీ అని బెదిరిస్తాడు కదా. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే "ఊరుకోండి, పిల్లలన్నాక చేస్తారు" అనేది. ఇక్కడ అలా అనేవాళ్ళు లేరు. ఆ భయమంతా ఒక్కడే మింగి, కొడుకుని కారెక్కించి తీసుకుపోతాడు.

నాగావళి_గట్టు | శనివారం, రాత్రి 11:21

అమ్మ సంగతి నాకు తట్టనే లేదండి. ఈ సినిమా 'గూఫ్ ట్రూప్' అనే పిల్లల టీవీ సీరియల్ నుంచి వచ్చింది. 1992లో మొదలైంది. అందులోనూ గూఫీ ఒంటరి తండ్రే, పక్కింట్లో పీట్ కుటుంబం. సీరియల్‌లో పీట్‌కి పెళ్ళాం పెగ్ ఉంది, చిన్న కూతురు కూడా ఉంది. సినిమాకి వచ్చేసరికి వాళ్ళిద్దర్నీ తీసేసారు. అటొక తండ్రీ కొడుకు, ఇటొక తండ్రీ కొడుకు, అంతే మిగిలారు.

బొబ్బిలి_కోట | ఆదివారం, ఉదయం 7:05

పొద్దున్నే నీళ్ళు పోస్తున్నందుకు క్షమించాలి. చిన్నప్పుడు చూసిందల్లా గొప్పదే అనిపిస్తుంది, అది మన వయసు గొప్ప, సినిమాది కాదు. ఇది డిస్నీ వాళ్ళ అసలు స్టూడియో తీసింది కాదు. టీవీ విభాగం వైపు పుట్టిన సినిమా, బొమ్మలు ఎక్కువ భాగం పారిస్‌లోనూ, కొంత ఆస్ట్రేలియాలోనూ గీసారు. ఖర్చు కోటీ 80 లక్షల డాలర్లు. 1995 ఏప్రిల్ 7న వదిలితే అమెరికాలో మూడున్నర కోట్ల డాలర్లు వచ్చింది. అంతకు ముందు ఏడాది లయన్ కింగ్ ఆడిన ఆట చూసాక ఇదొక లెక్కా?

కథ కూడా చూడండి. కొడుకు అబద్ధం ఆడాడు, అది ఇంకో అబద్ధానికి దారితీసింది, చివర్లో క్షమించేసారు. ఇలాంటివి మన టీవీలో రోజూ మధ్యాహ్నం వస్తున్నాయి.

సిక్కోలు_సిన్నోడు | ఆదివారం, ఉదయం 7:40

బొబ్బిలి బావూ, లెక్కలు సెప్పీసేవు బాగుంది. పాటలు ఇన్నావా మరి? ఇనకుండా యుద్ధానికి వచ్చీసినట్టున్నావు, మీ ఊరికి అలవాటే గదా 😄

మూడులాంతర్ల_వీణ | ఆదివారం, ఉదయం 9:15

పాటల మాట వచ్చింది కాబట్టి నేనూ చేరుతున్నా. మాది విజయనగరం, పిల్లలకి సంగీతం చెప్పుకుంటాను. ఈ సినిమాని నేను చూసిన దానికన్నా విన్నదే ఎక్కువ.

బొబ్బిలి గారు చెప్పిన ఖర్చు, వసూళ్ళు సరైనవే. వసూళ్ళు చూసి పాటని తూకం వేయలేం. ఇందులో పాటలు రెండు రకాలు, రాసిన వాళ్ళు కూడా రెండు జట్లు. పాత్రలు తమ మనసు చెప్పుకునే పాటలు టామ్ స్నో, జాక్ ఫెల్డ్‌మన్‌లవి. పవర్‌లైన్ అనే పాప్ గాయకుడి పాటలు రెండు, 'స్టాండ్ అవుట్', 'ఐ టూ ఐ', ఇంకో జట్టువి. పవర్‌లైన్‌కి గొంతు ఇచ్చింది టెవిన్ క్యాంప్‌బెల్. అప్పటికి అతనికి ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. కార్టూన్‌లో పాప్ గాయకుడంటే వెక్కిరింతగా పాడిస్తారు సాధారణంగా. ఇక్కడ నిజంగా పాడించారు. ఆ పాటని సినిమాలోంచి తీసి రేడియోలో వేసినా నిలబడుతుంది.

మాక్స్ మాట్లాడే గొంతు జేసన్ మార్స్‌డెన్‌ది, పాడే గొంతు ఆరన్ లోర్‌ది. మన సినిమాల్లో అలవాటే కాబట్టి మనకి వింత కాదు. గూఫీకి మాత్రం మాటా పాటా రెండూ బిల్ ఫార్మరే. ఆ గొంతు పాడటానికి పుట్టింది కాదు, వెక్కిళ్ళు పెడుతున్నట్టు ఉంటుంది. అదే గొంతుతో నది మీద కారు తేలుతుంటే కొడుకుతో కలిసి పాడతాడు. శ్రుతి కాస్త అటూ ఇటూ పోతుంది, పోవాలి కూడా. శుభ్రంగా పాడి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

మా ఊరి సంగీత కళాశాలకి 1919లో మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. హరికథలో కథ ఆగి పాట రాదు, పాటలోనే కథ ఒక అడుగు ముందుకు పడుతుంది. ఈ సినిమాలో నాకు నచ్చింది అదే. రోడ్డు మీద పాట మొదలైనప్పుడు తండ్రికి హుషారు, కొడుక్కి ఏడుపు. పాట అయ్యేసరికి వాళ్ళిద్దరి మధ్య ఎంత దూరం ఉందో మనకి తెలిసిపోతుంది. నది పాటలో ఆ దూరం తగ్గుతుంది. మధ్యలో ఉపన్యాసం అక్కర్లేకపోయింది.

బొబ్బిలి_కోట | ఆదివారం, ఉదయం 9:50

మేడమ్, నారాయణదాసు గారిని గూఫీ పక్కన కూర్చోబెట్టారు. ఇక నేనేం మాట్లాడను 🙏

(పాటల దగ్గర ఒప్పుకుంటున్నాను. కథ దగ్గర ఒప్పుకోను.)

సిక్కోలు_సిన్నోడు | ఆదివారం, ఉదయం 10:30

నాకు మాత్రం ఆ ఉడతల పార్కు సీనే. ఉడతలు కాదులే, పోసమ్ అంట, ఏదో ఎలకకీ ఉడతకీ మధ్య జంతువు. నాన్న సిన్నప్పుడు ఎల్లిన పార్కు, తుప్పట్టిన బొమ్మలు పాటలు పాడతాయి. నాన్నకి ఆనందం పట్టలేక కొడుకు సెయ్యి పట్టుకుని జనం మధ్యలో గెంతుతాడు. ఆడు సచ్చిపోతాడు సిగ్గుతో.

మా నాన్న నాకు అచ్చం అలాగే సేసేడు. అరసవిల్లి రథసప్తమి. నాకు పద్నాలుగేళ్ళు. మా కాలేజీ గుంటలు లైన్లో ఉన్నారని నాను కొంచెం ఎనక్కి తగ్గి, నాన్నతో రానట్టు నిల్చున్నాను. ఆయన నాను తప్పిపోనాననుకున్నాడు. తిన్నగా మైకు దగ్గరికి ఎల్లిపోనాడు. "ఎర్ర సొక్కా, కాకీ నిక్కరు, పేరు బుజ్జిగాడు, ఎక్కడున్నా ఆంజనేయస్వామి బొమ్మ దగ్గరికి రావలెను." నాను నిక్కరేసుకోలేదు. పేంటే. ఆయన కళ్ళకి ఇంకా నిక్కర్లోనే ఉన్నాను. బుజ్జిగాడు అన్నదే మూడేళ్ళు నా పేరు అయిపోనాది.

ఆ పార్కు సీన్ సూసినప్పుడు నాకు నవ్వు రాలేదు బావు. సెవులు ఏడెక్కీసాయి.

అరసవిల్లి_అమ్మ | ఆదివారం, ఉదయం 10:44

బుజ్జి గారూ 😂😂 మా ఇల్లు ఆ గుడికి దగ్గరే. ఆ మైకు ఇప్పటికీ అలాగే అరుస్తుంది.

సిక్కోలు_సిన్నోడు | ఆదివారం, ఉదయం 10:46

ఇదుగో, ఇందుకే సెప్పకూడదు ఇలాంటివి.

వేదిక_పెద్ద | ఆదివారం, ఉదయం 11:30

సభ్యులకు మనవి. కొంతమంది ఈ సినిమా డౌన్‌లోడ్ లింకులు పెడుతున్నారు, తీసేసాను. మళ్ళీ పెడితే ఖాతా ఆపేస్తాను. చర్చ బాగుంది, సాగించండి.

గంగపుత్రుడు_83 | ఆదివారం, మధ్యాహ్నం 2:20

నేనెప్పుడూ చదివి వెళ్ళిపోయేవాడినే, రాసింది తక్కువ. ఈ సినిమా నేను విశాఖలో హాస్టల్లో ఉన్నప్పుడు చూసాను, 2001 కావచ్చు.

మాది శ్రీకాకుళం తీరంలో మత్స్యకార పల్లె. మా నాన్న గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పని చేసేవాడు. మా ఊళ్ళో ఇంటికొక మగాడు అక్కడే ఉంటాడు. 2018లో పాకిస్తాన్ వాళ్ళు మనవాళ్ళని పట్టుకుపోయారని పేపర్లలో వచ్చింది గుర్తుందా, వాళ్ళు తిరిగొచ్చింది 2020 జనవరిలో. ఆ వెరావల్లే. నాన్న ఎండాకాలం చివర్లో వచ్చి, ఆగస్టు పడకముందే మళ్ళీ వెళ్ళిపోయేవాడు. నాకు తెలిసిన నాన్న ఏడాదికి రెండు నెలలు.

ఆ రెండు నెలల్లో నాకు విసురు వల నేర్పాలని చూసేవాడు. వల అంచు ఒకటి పళ్ళతో పట్టుకోవాలి. మడత ఎడమ మోచేతి మీద వేసుకోవాలి. మిగతాది కుడి చేతిలో. నడుం తిప్పి వదిలినప్పుడు నోరు కూడా అదే క్షణంలో వదలాలి. ఒక్క లిప్త ఆలస్యమైతే పన్ను ఊడుతుంది, తొందరపడితే వల ముద్దలా పడుతుంది. సరిగ్గా పడితే నీటి మీద గుండ్రంగా పళ్ళెంలా పరుచుకుంటుంది. నాకు ఎప్పుడూ ముద్దే పడేది. సీసం గుళ్ళు, ఉప్పు, నోట్లో ఆ రుచి నాకు అసహ్యం. నేను చదువుకుంటా, ఇది నాకెందుకు అని ఒకసారి వల అక్కడే పారేసి వచ్చేసాను.

సినిమాలో గూఫీ కొడుక్కి గాలం విసరడం నేర్పుతాడు. వాళ్ళ నాన్న దగ్గర్నుంచి, వాళ్ళ తాత దగ్గర్నుంచి వచ్చిన విసురు. దానికి ఒక డాన్సులా మెలికలు ఉంటాయి, చేతులు అలా, మోకాళ్ళు ఇలా. కొడుక్కి అది పిచ్చి చేష్ట. చివర్లో జలపాతం మీంచి తండ్రి పడిపోతుంటే, కొడుకు ఆ విసురుతోనే గాలం వేసి తండ్రిని పట్టుకుంటాడు. హాస్టల్ టీవీ రూంలో అందరూ ఈలలు వేసారు. నేను లేచి బయటికి వచ్చేసాను.

మూడులాంతర్ల_వీణ | ఆదివారం, మధ్యాహ్నం 2:41

తమ్ముడూ, నాన్నగారు ఇప్పుడు ఉన్నారా?

గంగపుత్రుడు_83 | ఆదివారం, మధ్యాహ్నం 3:02

ఉన్నారక్కా. ఇంటి దగ్గరే. వెళ్ళడం మానేసి తొమ్మిదేళ్ళయింది. నా కూతురికి వల నేర్పుతున్నాడు. దానికి మొదటి వారంలోనే పళ్ళెంలా పడింది. నాకు కోపం వచ్చింది నిజంగా 🙂

బొబ్బిలి_కోట | ఆదివారం, సాయంత్రం 5:15

సరే, నేనూ మళ్ళీ చూసాను మధ్యాహ్నం. పొద్దున రాసిన దాన్లో సగం వెనక్కి తీసుకుంటున్నా. సగమే.

ఒప్పుకునేది: సూపు సీన్. రాక్షసుడి లాంటి బిగ్‌ఫుట్ బయట తిరుగుతుంటే తండ్రీ కొడుకులు రాత్రంతా కారులో ఇరుక్కుంటారు. తినడానికి ఒక డబ్బా సూపు. పొయ్యి లేదు కాబట్టి కారులో సిగరెట్ వెలిగించే మీట ఉంటుంది కదా, దాంతో వేడి చేస్తాడు గూఫీ. ఆ సూపులో అక్షరాల ముక్కలు తేలుతుంటాయి. చిన్నప్పుడు కొడుకు ఆ అక్షరాలతో 'హాయ్ డాడ్' అని పేర్చేవాడని తండ్రి గుర్తు చేస్తాడు. కాసేపటికి కొడుకు ఏమీ మాట్లాడకుండా అదే పేర్చి గిన్నె తండ్రికి అందిస్తాడు. ఇంతకంటే తక్కువలో ఈ పని ఎవరూ చేయలేరు.

ఒప్పుకోనిది: మేప్ మార్చేది కూడా ఆ రాత్రే! సూపు తాగిన నోటితోనే. అది చూసాక ఆ కుర్రాడి మీద నాకు జాలి లేదు. పీట్ చెప్పిందే రైటు. పిల్లల్ని గుప్పిట్లో పెట్టుకోవాలి.

అరసవిల్లి_అమ్మ | ఆదివారం, సాయంత్రం 5:33

పీట్ గుప్పిట్లో పెట్టుకున్న కొడుకు ఎలా ఉంటాడో చూసారా? పీజే నాన్న ముందు నోరు విప్పడు. తండ్రి పిలిస్తే ఉలిక్కిపడతాడు. పీట్ "మావాడికి నేనంటే గౌరవం" అంటాడు, గూఫీ "మావాడికి నేనంటే ప్రేమ" అంటాడు. అలా అన్న తండ్రికే కాసేపట్లో కొడుకు మోసం తెలుస్తుంది. అక్కడ పాట లేదు, ఏడుపు లేదు. గూఫీ కారు దగ్గరికి వెళ్ళి మేప్ తీసి చూసుకుంటాడు. అంతే.

సూపు రాత్రే మేప్ మార్చడం నాకు తప్పుగా అనిపించలేదండి. పద్నాలుగేళ్ళ వాళ్ళు అలాగే ఉంటారు. మా పాప నన్ను కౌగిలించుకుని పడుకున్న రాత్రే నా ఫోన్ లాక్ మార్చేసింది. రెండూ నిజమే.

సిక్కోలు_సిన్నోడు | ఆదివారం, సాయంత్రం 5:50

అమ్మగారూ, మీ పాపకి మేప్ ఇవ్వకండి.

ఇంకోటి ఎవరూ సెప్పలేదు. మాక్స్ తనకి ఇష్టమైన పిల్ల రోజానీ, అదే రాక్సేన్నీ, ఇంప్రెస్ సెయ్యడానికి పవర్‌లైన్ పక్కన టేజీ మీద డాన్సు సేస్తాను, టీవీలో సూడు అని కోసీసేడు. అసలు మేప్ మార్పుకి కారణం అదే. ఆఖర్న వచ్చి అబద్ధం ఆడేనని ఒప్పుకుంటే ఆ పిల్ల, నీ నవ్వు ఇన్నప్పటి నుంచే నాకు ఇష్టం అంటాది. ఏ నవ్వు? నాన్న నుంచి వచ్చిన ఆ "అహ్-హ్యక్" నవ్వు. సినిమా మొదట్లో పీడకల వస్తే భయపడింది దానికే. పోనీ లే, నాకూ బుజ్జిగాడు అన్న పేరు పెట్టిన గుంటే ఇప్పుడు ఇంట్లో ఉంది.

అరసవిల్లి_అమ్మ | ఆదివారం, సాయంత్రం 5:52

ఇది మొదట్లోనే చెప్పాలి కదండీ!!

కోట_సందు_కుర్రాడు | ఆదివారం, సాయంత్రం 6:30

మేం పిల్లలం, మాకు గూఫీ తెలీదు 🙂 టీవీ సీరియల్ నుంచి సినిమా అంటే మాకు చోటా భీమే. 2012లో 'కర్స్ ఆఫ్ దమ్యాన్' విజయనగరంలో మా మావయ్య తీసుకెళ్తే చూసాను. సీరియల్ 2008లో పోగోలో మొదలైంది, తీసింది మన హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ వాళ్ళు. దాన్నే 2024లో మనుషులతో మళ్ళీ తీసారు. ఆ లడ్డూలు తినగానే భీమ్‌కి బలం వచ్చే సంగీతం వస్తే హాల్లో పిల్లలందరం కుర్చీలెక్కేసాం.

ఈ చర్చ చదివి గూఫీ చూసాను. అందులో ఎవరూ దుష్టుడు లేడేంటి? గంట సేపు ఎదురు చూసాను విలన్ కోసం.

మూడులాంతర్ల_వీణ | ఆదివారం, సాయంత్రం 6:55

బాబూ, బాగా పట్టుకున్నావు. దమ్యాన్ లాంటివాడు లేడు ఇందులో. సీరియల్‌లో అరగంటకొక ఇబ్బంది పెట్టి తీర్చేస్తే సరిపోయేది. అదే పాత్రల్ని గంటంపావు నడపాలంటే ఏదో ఒక పెద్ద రాక్షసుణ్ణి తేవడం తేలిక దారి. దర్శకుడు కెవిన్ లిమాకి ఇది మొదటి సినిమా, ఆ దారిన పోలేదు. 1932లో పుట్టిన గూఫీ అన్నేళ్ళూ జారి పడి నవ్వించినవాడే. అతనికి కొడుకు చేత మాట పడేలా చేసాడు. కారు నది మీద తేలుతుంటే దాని మీద కూర్చుని ఇద్దరూ అరుచుకుంటారు. నేను చిన్నపిల్లాణ్ణి కాను, నాకూ ఒక బతుకుంది అంటాడు కొడుకు. తెలుసు, అందులో నాకూ కాస్త చోటు ఇస్తావనుకున్నా అన్నట్టు మాట్లాడతాడు తండ్రి. ఈ లిమాయే తర్వాత 1999లో టార్జాన్‌కి ఇంకొకరితో కలిసి దర్శకత్వం చేసాడు.

ముప్ఫై ఏళ్ళయిందని 2025లో దీని తయారీ మీద డాక్యుమెంటరీ కూడా వచ్చింది. విడుదలైనప్పుడు పట్టించుకోని సినిమాకి. అప్పుడు చూసిన పిల్లలు పెద్దవాళ్ళయ్యారు మరి.

నాగావళి_గట్టు | ఆదివారం, రాత్రి 9:20

చర్చ ఇంత దూరం వస్తుందనుకోలేదు. గంగపుత్రుడు గారు రాసింది చదివాక నేను దాచుకున్నది కూడా చెప్పేయాలనిపిస్తోంది.

మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. 2017లో రిటైరయ్యారు. ఆయనకి మేప్ అక్కర్లేదు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా ఏ మలుపులో ఏ చెట్టుందో చెప్తారు. సీడీ ఆగిపోయిన ఆ ఏడాదే, తర్వాత దసరా సెలవుల్లో, పెద్దమ్మ వాళ్ళింటికి రాజాం వెళ్తానని చెప్పి యాభై రూపాయలు తీసుకున్నాను. వెళ్ళింది విశాఖ, నలుగురు స్నేహితులతో, బీచికి. చిలకపాలెం జంక్షన్ తెలుసు కదా, శ్రీకాకుళం నుంచి వస్తే కుడికి తిరిగితే రాజాం, తిన్నగా పోతే విశాఖ. బస్సు తిన్నగా పోతుంటే సీటు కిందికి వంగి కూర్చున్నాను, తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తారేమోనని. ఆ బస్సు నడుపుతున్నది మా నాన్న స్నేహితుడని నాకేం తెలుసు.

రాత్రి ఇంటికి వచ్చాను. చెప్పుల్లో ఇసుక. నాన్న భోజనం చేస్తున్నారు. తల ఎత్తకుండా అడిగారు: "రాజాంలో వాన పడిందంట కదా?"

"అవును నాన్నా, పెద్ద వాన" అన్నాను.

"ఊఁ" అన్నారు. మజ్జిగ పోసుకున్నారు. అంతే, ఇంకేం మాట్లాడలేదు. ఆ రోజు రాజాంలో చుక్క వాన లేదు. ఆ సంగతి నాకు పద్నాలుగేళ్ళ తర్వాత, ఆయన రిటైర్మెంట్ ఫంక్షన్లో ఆ డ్రైవరు బాబాయి నవ్వుతూ చెప్తే తెలిసింది.

మొన్న రాత్రి ఆ జంక్షన్ సీన్ మళ్ళీ వచ్చింది. ఈసారి సీడీ ఆగలేదు. తండ్రి తెలిసీ అడుగుతాడు, ఎటు అని. కొడుకు ఎడమకి అంటాడు. ఆ తండ్రి మొహం చూసి నేను రిమోట్ నొక్కి ఆపేసాను. మావాడు "ఏమైంది డాడీ, నెట్ పోయిందా" అన్నాడు.

బొబ్బిలి_కోట | ఆదివారం, రాత్రి 9:41

సరే. మిగతా సగం కూడా వెనక్కి తీసుకుంటున్నా.

సిక్కోలు_సిన్నోడు | ఆదివారం, రాత్రి 9:45

పెద్దాయన "ఊఁ" అన్నాడు సూడు, ఆ ఊఁ నాకు దెబ్బ కన్నా గట్టిగా తగిలింది. మరి ఆయనకి సూపించేవా సినిమా?

నాగావళి_గట్టు | ఆదివారం, రాత్రి 9:50

లేదు. కార్టూన్ అంటే చూడరు.

గంగపుత్రుడు_83 | ఆదివారం, రాత్రి 10:05

చూపించండి అన్నా. రోడ్డు సినిమా అని చెప్పండి.

నాగావళి_గట్టు | బుధవారం, రాత్రి 9:35

గంగపుత్రుడు గారి మాట విన్నాను. నిన్న మనవణ్ణి పక్కన కూర్చోబెట్టి, "తాతా, కారు సినిమా" అనిపించాను. చూసారు. పాటలప్పుడు వక్కపలుకులు నములుతూ కూర్చున్నారు. బిగ్‌ఫుట్ పాట వింటూ గెంతినప్పుడు మాత్రం గట్టిగా నవ్వారు. వీణ గారికి చెప్పాల్సింది: నది మీద పాట వచ్చినప్పుడు "వాడికి గొంతు లేదు" అన్నారు. పాట అయ్యేదాకా నమలడం ఆపేసారు.

జంక్షన్ వచ్చింది. నాకు గుండె దడ. ఆయన నా వైపు చూడలేదు. కారు ఎడమకి తిరిగాక గూఫీ కోపంతో స్పీడు పెంచుతాడు కదా, "కోపంగా ఉన్నోడు స్టీరింగ్ ముట్టకూడదు" అన్నారు. తర్వాత గూఫీ కారు ఆపి దిగిపోవడం, కారు దానంతట అది జారి కిందికి పోవడం.

"దిగినోడు హేండ్ బ్రేకు వేసి దిగొద్దా? పోనీ గేర్లో వొగ్గొద్దా? ఇదంతా ఆ గుంటడి తప్పు కాదు, డ్రైవరు తప్పు."

సినిమా అయిపోయింది. మావాడు నిద్రపోయాడు. ఆయన లేచి కండువా దులుపుకున్నారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"ఎటు తిప్పమంటావు అని అడక్కూడదురా. వాన పడిందా అని అడగాలి."

మజ్జిగ తాగడానికి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

అరసవిల్లి_అమ్మ | బుధవారం, రాత్రి 9:48

🙏🙏

మూడులాంతర్ల_వీణ | బుధవారం, రాత్రి 9:55

"వాడికి గొంతు లేదు", నిజమే. ఆయనకి నా నమస్కారం చెప్పండి.

సిక్కోలు_సిన్నోడు | బుధవారం, రాత్రి 10:10

పెద్దాయనకి ఓ మాట సెప్పు గురువా. రాజాం 2022లో ఇజీనారం జిల్లాకి ఎల్లిపోనాది, అయినా మా పెద్దత్త ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడే ఫోన్ సేసేను. ఈరోజు నిజంగానే పెద్ద వానంట.